నాలుగో లెమ్మా

బ్రిస్టల్‌లో, ఆయాసపెట్టే వీధి చివర
గణిత విభాగం, మూడో అంతస్తు.
మూడేళ్ళు నిలబడిన నాలుగో లెమ్మా
నిన్న మధ్యాహ్నం కూలింది.

కూల్చినవాడు గెథిన్.
టీ కప్పు కిటికీలో పెట్టి
"ఈ రెండూ మరీ దగ్గరకొస్తే?" అన్నాడు.
అంతే. కప్పు అక్కడే మరిచిపోయి
కార్డిఫ్ రైలుకి పరిగెత్తాడు.

మేం చేసే పని చెప్పడం తేలికే.
వెయ్యి వరసలు గీయి, వెయ్యి నిలువులు గీయి,
గడికో గవ్వ వెయ్యి.
వెల్లకిలా పడితే ఒకటి,
బోర్లా పడితే మైనస్ ఒకటి.
వికర్ణానికి ఇటు పడ్డదే అటూ రాయి
అద్దంలో చూసి రాసినట్టు.
ఇదీ మాత్రిక. ఇందులో నీ తెలివేం లేదు,
గవ్వ తెలివీ లేదు.
ఇప్పుడు దాన్ని మీటు. నీ లోపలి స్వరాలేవని అడుగు.
వెయ్యి సంఖ్యలు బయటికొస్తాయి.
పోగు పోసి చూస్తే
కజ్జికాయ.
అడుగు చదును, పైన గుండ్రం, రెండు కొసలూ సన్నం.
గవ్వలు మానేసి పాచికలు దొర్లించు,
చింతపిక్కలు అరగదీసి వెయ్యి,
మళ్ళీ కజ్జికాయే.
ఆ అచ్చు ఎవరి వంటింట్లో ఉందో
ఎవరూ చూడలేదు.

నాకు జీతమిచ్చేది మాత్రం కొస కోసం,
గోటితో మడత నొక్కే చోటు కోసం.
చిట్టచివరి సంఖ్య ఎక్కడ ఆగుతుంది,
దాని వెనకది ఎంత ఎడంగా కూర్చుంటుంది.

ఎడం!
గుడ్డిగా వేసిన గవ్వల్లోంచి పుట్టి
ఇవి ఒకదాన్నొకటి ఓర్చుకోవు.
గవ్వకి పక్క గవ్వ ఎలా పడిందో పట్టదు.
వీటికి మాత్రం అన్నీ పట్టింపులే.
ఒకే బంతిలో అలిగిన వియ్యాలవారిలా
ఆకు వదిలి ఆకు ముందు కూర్చుంటాయి.
అది చూసే నేను రాశాను
"ఇంత ఎడం ఎప్పుడూ ఉంటుంది" అని.
ఎప్పుడూ.
ఆ మాట రాసినప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు.

సాయంత్రం బోర్డు మూలన
నేనే పెద్దక్షరాలతో రాసుకున్న "చెరపవద్దు"ని
మోచేత్తో చెరిపేశాను.
తర్వాత ఏం చేశానో సరిగ్గా గుర్తులేదు.
ఒకసారి చిప్స్ కొనుక్కొచ్చాను. తినలేదు.
ఒకసారి గెథిన్ కప్పు కడిగాను.

ఐదింటికి హోదన్ వచ్చింది, వాక్యూమ్ ఈడ్చుకుంటూ.
మూడేళ్ళుగా నా బోర్డు చుట్టూ అంచులు మాత్రమే తుడిచి
చెక్క చట్రాన్ని మెరిపించిన మనిషి.
మూలన ఖాళీ చూసింది. నన్ను చూసింది.
"ఇవాళ తుడవొచ్చా?"
ఊఁ అన్నాను.
తడిగుడ్డ పిండి, ఎత్తి, ఆగింది.
"పడవ కూడానా?"
ఏ పడవ?
"అదే, బోర్లించిన పడవ" అని
కజ్జికాయని చూపించింది.
వాళ్ళ నాన్న బెర్బెరాలో అలాంటివాటికి
తారు పూసేవాడట.
చిల్లుందని పడవ పారేస్తారా,
ఏటికేడూ ఏదో ఒక పలక మారుస్తారు, అంది
నాతో కాదు, గుడ్డతో.

పడవ ఉండనీ అన్నాను.
ఈ ఒక్క లైనూ చాలు.

నాలుగో లెమ్మా ఒక్క ఊపుకి పోయింది.
నల్లగా, తడిగా, జానెడు చోటు.
పైన మూడు, కింద ఆరు అలాగే ఉన్నాయి
దేని మీద ఉన్నాయో తెలీకుండా.

వాక్యూమ్ చప్పుడు మెట్లు దిగింది.
చాక్‌పీస్ తీసి
"దాదాపు ఎప్పుడూ" అని మొదలుపెట్టాను.

దాదాపు!
కోటి మాత్రికల్లో ఏదో ఒక దానిలో
ఇద్దరు వియ్యంకులు ఒకే ఆకు ముందు కూర్చుంటే
కూర్చోనీ.
ఆ ఒక్కదాన్నీ విడిగా లెక్కేసి,
ఎంత అరుదో చూపించి,
మిగతా బంతికి వడ్డించొచ్చేమో.
అవుతుందో లేదో.
గెథిన్ మంగళవారం దాకా రాడు.

తడి బోర్డు మీద చాక్‌పీస్ పలకలేదు.
"దా" దగ్గరే జారింది.
కిటికీ తెరిచి, గాలి తగలనిచ్చి,
ఆరేదాకా కూర్చున్నాను.